జోస్ట్ వాన్ డైక్‌లో రెండు రాత్రులు: బీచ్ బార్ల దీవికి ఎలా వెళ్ళాలి, వెళ్ళాక ఏం చేయాలి

కరీబియన్ వెకేషన్ అనగానే అమెరికాలో ఉన్న మనవాళ్ళలో చాలామంది క్రూజ్ బుక్ చేసుకుంటారు, లేదంటే ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్ట్ చూసుకుంటారు. నేను చెప్పబోయే చోటు వేరు. బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో జోస్ట్ వాన్ డైక్ అనే చిన్న దీవి ఉంది. విస్తీర్ణం సుమారు 8 చదరపు కిలోమీటర్లు, జనాభా దాదాపు 300. మన వైపు ఒక వీధిలోనే అంతమంది ఉంటారు. ట్రాఫిక్ సిగ్నల్ లేదు, షాపింగ్ మాల్ లేదు. నడుమ పచ్చటి కొండ, చుట్టూ తెల్లటి ఇసుక, ఆ ఇసుకలోనే స్తంభాలు పాతి కప్పు వేసుకున్న బార్లు, రోడ్డుకు అడ్డంగా తీరిగ్గా నడిచే మేకలు. డచ్చి సముద్రపు దొంగ ఒకడి పేరు దీనికి వచ్చిందని చెబుతారు.

ఇక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పడవ మాట్లాడుకుని పొద్దున పదకొండుకి వస్తారు, సాయంత్రం నాలుగుకి వెళ్ళిపోతారు. వాళ్ళు చూసేది రద్దీ. మీరు అలా చేయకండి. కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు ఉండండి. ఆఖరి పడవ వెళ్ళిపోయాక ఆ దీవి ఎలా ఉంటుందో చూడకపోతే దాన్ని చూసినట్టే కాదు. కింద రాసిందంతా ఈ లెక్కలోనే రాశాను.

ముందు కాగితాలు

టికెట్లకంటే ముందు చూసుకోవలసింది ఇదే. మన తెలుగు కుటుంబాలు ఇరుక్కునేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

వర్జిన్ ఐలాండ్స్ రెండు ముక్కలు. సెయింట్ థామస్, సెయింట్ జాన్, సెయింట్ క్రోయి అమెరికావి. టోర్టోలా, వర్జిన్ గోర్డా, అనెగాడా, జోస్ట్ వాన్ డైక్ బ్రిటన్‌వి. సెయింట్ జాన్ ఒడ్డున నిలబడితే జోస్ట్ వాన్ డైక్ కళ్ళెదురుగా కనిపిస్తుంది, కానీ మధ్యలో ఉన్న ఆ నీళ్ళు అంతర్జాతీయ సరిహద్దు. ఫెర్రీ ఎక్కితే మీరు అమెరికా దాటి వెళ్ళినట్టే.

హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉండి, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయి, చేతిలో ఐ-797 అనే అప్రూవల్ నోటీసు మాత్రమే ఉన్నవాళ్ళు చాలా జాగ్రత్తగా ఉండాలి. స్టాంపు అయిపోయినా కెనడా, మెక్సికో వెళ్ళి 30 రోజుల్లోపు తిరిగి రావచ్చు అనే వెసులుబాటు మనవాళ్ళలో చాలామందికి తెలుసు. అది కరీబియన్ దీవులకు కూడా వర్తించేది ఎఫ్ (విద్యార్థులు), జే (ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రాంలు) వీసాల వాళ్ళకి మాత్రమే. హెచ్-1బీ వాళ్ళకు, హెచ్-4 మీద ఉన్న వాళ్ళ కుటుంబ సభ్యులకు ఈ దీవుల నుంచి తిరిగి రావడానికి గడువున్న స్టాంపు కావాలి. అరగంట పడవ ప్రయాణమే కదా అని వెళితే తిరిగి వచ్చే దారి మూసుకుపోతుంది. గ్రీన్ కార్డుకు అప్లై చేసి అడ్వాన్స్ పెరోల్ (దేశం దాటి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) మీద ఆధారపడేవాళ్ళు లాయర్‌ని అడగకుండా టికెట్ కొనకండి.

రెండో సంగతి, అటు వైపు ప్రవేశం. ఇండియన్ పాస్‌పోర్టుకు బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ ఎంట్రీ రూల్స్ వేరుగా ఉంటాయి. మీ అమెరికా వీసా లేదా గ్రీన్ కార్డు సరిపోతుందో లేదో వాళ్ళ ఇమ్మిగ్రేషన్ డిపార్ట్‌మెంట్‌కి ఈమెయిల్ పంపి, జవాబు ప్రింట్ తీసుకుని వెంట ఉంచుకోండి. ఫెర్రీ కౌంటర్లో టికెట్ ఇచ్చేవాళ్ళకు అన్ని దేశాల రూల్సూ తెలియవు. ఆ కాగితం చేతిలో ఉంటే టెన్షన్ ఉండదు.

కాగితాలు కుదరకపోతే బాధపడకండి. సెయింట్ జాన్‌లోనే ఉండిపోండి. ఆ దీవిలో సగానికి పైగా 1956లో ఏర్పడిన నేషనల్ పార్క్, ట్రంక్ బే లాంటి బీచ్‌లు ఉన్నాయి. అక్కడికి వెళ్ళినా పాస్‌పోర్టు, ఐ-797 వెంట ఉండాలి. సెయింట్ థామస్ ఎయిర్‌పోర్టులో మెయిన్‌ల్యాండ్ విమానం ఎక్కేముందు కస్టమ్స్ వాళ్ళు అడుగుతారు.

ఎప్పుడు వెళ్ళాలి

డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ దాకా వాతావరణం హాయిగా ఉంటుంది, ధరలు కూడా అదే స్థాయిలో ఉంటాయి. నా ఓటు మే నెలకి. ఎండ ఉంటుంది కానీ గాలి ఆడుతుంది, జనం పలచబడతారు. జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు హరికేన్ సీజన్. అందులో ఆగస్టు చివరి నుంచి అక్టోబర్ దాకా అసలు వద్దు. తుఫాను భయం అలా ఉంచితే, ఆ నెలల్లో చాలా బార్లు మూసేసి యజమానులు కూడా సెలవు తీసుకుంటారు.

తుఫాను అంటే అక్కడివాళ్ళకి ఒకటే పేరు, ఇర్మా. 2017 సెప్టెంబర్ 6న ఐదో కేటగిరీ తీవ్రతతో ఈ దీవుల మీదుగా పోయింది. కొండల మీద ఒక్క ఆకు మిగల్లేదు, ఒడ్డున ఉన్న బార్లు కొట్టుకుపోయాయి. మీరు ఈ రోజు కూర్చునే బల్ల, ఆనుకునే స్తంభం, పైన కప్పు చాలా వరకు ఆ తర్వాత మళ్ళీ కట్టుకున్నవే. దివిసీమ ఉప్పెన గురించి పెద్దవాళ్ళ నోట విన్నవాళ్ళకి ఇది ఎలాంటి మాటో అర్థమవుతుంది. బార్‌లో ఎవరైనా ఇర్మా గురించి చెప్పడం మొదలుపెడితే ఫోన్ పక్కన పెట్టి వినండి.

దారి

రెండు దారులున్నాయి.

ఒకటి సెయింట్ థామస్ మీదుగా. న్యూయార్క్ ఏరియా, అట్లాంటా, షార్లెట్, మయామీ లాంటి చోట్ల నుంచి డైరెక్ట్ విమానాలు ఉంటాయి. ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీలో దీవి తూర్పు కొసన ఉన్న రెడ్ హుక్‌కి వెళ్ళాలి. అక్కడి నుంచి సెయింట్ జాన్‌లోని క్రూజ్ బే మీదుగా జోస్ట్ వాన్ డైక్‌కి ఫెర్రీ ఉంటుంది. అయితే అది రోజూ ఉండదు.

రెండోది టోర్టోలా మీదుగా. 2023 జూన్ నుంచి మయామీ నుంచి టోర్టోలాను ఆనుకుని ఉన్న బీఫ్ ఐలాండ్ ఎయిర్‌పోర్టుకి అమెరికన్ ఎయిర్‌లైన్స్ డైరెక్ట్ సర్వీసు నడుపుతోంది. దిగాక టాక్సీలో టోర్టోలా పడమటి కొసకి, అంటే వెస్ట్ ఎండ్‌కి వెళ్ళి, అక్కడ ఫెర్రీ ఎక్కితే అరగంటలోపే జోస్ట్ వాన్ డైక్ రేవు అయిన గ్రేట్ హార్బర్‌లో దిగుతారు. పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే నేను ఈ దారే చెబుతాను. కస్టమ్స్ తతంగం ఎయిర్‌పోర్టులోనే అయిపోతుంది.

ఫెర్రీ టైమింగ్స్ ఇంటర్నెట్‌లో చూసి వదిలేయకండి, బయల్దేరే ముందు రోజు ఫోన్ చేయండి. మేము మొదటిసారి వెళ్ళినప్పుడు ఆదివారం పడవ ఉందని ఎక్కడో చదువుకుని సామానుతో రేవుకి వెళ్ళాం. ఆ రోజు పడవ లేదు. చిన్న పిల్లవాడితో, నాలుగు పెట్టెలతో మూడు గంటలు ఎండలో కూర్చున్నాక వాటర్ టాక్సీ దొరికింది. దానికి అయిన ఖర్చులో ఇంకో రాత్రి హోటల్లో ఉండేవాళ్ళం. ఒక్క ఫోన్ కాల్‌తో పోయేది.

దిగేటప్పుడు చిన్న ఎన్విరాన్‌మెంటల్ లెవీ, తిరిగి వెళ్ళేటప్పుడు డిపార్చర్ టాక్స్ కట్టాలి. టికెట్లో కలవవు, మనిషికింత అని విడిగా తీసుకుంటారు. అక్కడ చలామణిలో ఉన్నది అమెరికా డాలరే కాబట్టి డబ్బు మార్చుకునే పని లేదు. కానీ జోస్ట్ వాన్ డైక్‌లో బ్యాంకు దొరుకుతుందన్న ధీమాతో వెళ్ళకండి. ఐదు, పది, ఇరవై డాలర్ల నోట్లు ముందే దగ్గర పెట్టుకోండి.

సంచీలో ఏం ఉండాలి

తక్కువ. ఒక చేత్తో తలమీద పెట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో నడవగలిగినంత. ఎందుకో వైట్ బే అనే బీచ్ సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

సన్‌స్క్రీన్ జింక్ ఆక్సైడ్ ఉన్నది కొనండి. ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవాటిని అమెరికా వైపు వర్జిన్ ఐలాండ్స్‌లో 2020 నుంచి నిషేధించారు, అవి పగడాలను చంపుతాయి. మన ఒంటి రంగుకి ఎండ ఏం చేస్తుందిలే అనుకోవద్దు. నీళ్ళలో వీపు పైకి పెట్టి గంటసేపు స్నార్కెలింగ్ చేస్తే మన చర్మం కూడా కమిలిపోతుంది. పొడుగు చేతుల స్విమ్ షర్ట్ ఇంకా మంచిది. రాళ్ళ మీద సముద్రపు ముళ్ళకాయలు ఉంటాయి కాబట్టి నీళ్ళలో వేసుకునే బూట్లు, సాయంత్రం ఇసుకలో కుట్టే కంటికి ఆనని దోమల్లాంటి పురుగులకి ఏదైనా రెపెల్లెంట్, రోజూ వేసుకునే మందులు పూర్తిగా. దీవిలో పెద్ద ఆసుపత్రి లేదు, ఏదైనా గట్టిగా వస్తే టోర్టోలాకే పోవాలి. ఫోన్ ప్లాన్ కూడా చూసుకోండి. సెయింట్ థామస్‌లో మీ అమెరికా ప్లాన్ మామూలుగా పనిచేస్తుంది, ఫెర్రీ దిగగానే అది ఇంటర్నేషనల్ రోమింగ్.

దిగగానే మొదటి మాట

పడవ దిగి ఎవరినైనా ఏదైనా అడిగే ముందు ‘గుడ్ మార్నింగ్’ అనండి. మధ్యాహ్నమైతే ‘గుడ్ ఆఫ్టర్‌నూన్’. చీకటి పడ్డాక ‘గుడ్ నైట్’ అనే పలకరిస్తారు, అక్కడ అది వీడ్కోలు మాట మాత్రమే కాదు. టాక్సీ అడిగినా, రేటు అడిగినా, దారి అడిగినా ముందు పలకరింపు, తర్వాత పని. నేరుగా ‘హౌ మచ్?’ అంటే ముఖం మాడ్చుకుంటారు. అందులో పొగరేమీ లేదు. మన ఊళ్ళో కూడా ఎవరి గుమ్మం ముందుకైనా వెళ్ళి ‘బాగున్నారా’ అనకుండా పని చెప్పుకుంటే ఎలా ఉంటుంది? అంతే. అలాగే స్విమ్ సూట్ బీచ్ వరకే. గ్రేట్ హార్బర్‌లో చర్చి ఉంది, బడి ఉంది, ఇళ్ళున్నాయి. అక్కడ నడిచేటప్పుడు పైన ఒక చొక్కా వేసుకోవడం మర్యాద.

ఇంకో మాట నేర్చుకోండి, ‘లైమింగ్’. కరీబియన్ అంతటా వినిపించే మాట. ఏ పనీ పెట్టుకోకుండా నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకోవడం. సాయంత్రం అరుగు మీద, రచ్చబండ దగ్గర మన తాతలు చేసింది అదే. ఆర్డర్ ఇచ్చిన ఇరవై నిమిషాలకు కూడా ప్లేటు రాలేదంటే మిమ్మల్ని పట్టించుకోలేదని కాదు. వంట చేసే ఆవిడ ఒక్కరే, చేపను అప్పుడే కోస్తున్నారు. వాచీ గదిలో పెట్టి రండి.

మొదటి రోజు: వైట్ బే

గ్రేట్ హార్బర్ నుంచి వైట్ బేకి కొండ ఎక్కి దిగాలి. నడిస్తే అరగంట, ఏటవాలు బాగా ఉంటుంది. పక్కలు తెరిచి ఉన్న ట్రక్కు లాంటి టాక్సీలో అయితే ఐదు పది నిమిషాలు. వెళ్ళేటప్పుడు టాక్సీలో వెళ్ళి, మరుసటి రోజు పొద్దున్నే నడవండి. మలుపు తిరిగి పైకి రాగానే కింద నీళ్ళు ఒక్కసారిగా కనిపిస్తాయి, ఒడ్డున పాలపిట్ట రెక్క రంగు, లోపలికి పోయేకొద్దీ ముదురు నీలం.

వైట్ బేలో రేవు లేదు, పడవ ఆనించే చెక్కల వంతెన కూడా లేదు. పడవలో వచ్చినవాళ్ళు లంగరు వేసి నీళ్ళలోకి దిగి ఒడ్డుకి రావలసిందే. 1970లలో ఇక్కడ మొదలైన ఒక చిన్న బార్‌కి ఈదుకుంటూ వచ్చినవాళ్ళు తడిసిన డాలర్లే ఇచ్చేవారు. అలా దానికి సోగీ డాలర్ అనే పేరు స్థిరపడింది. ఇప్పటికీ తడి నోటు ఇస్తే వింతగా చూడరు.

పెయిన్‌కిల్లర్ అనే డ్రింకు పుట్టింది ఇక్కడే. బార్ నడిపిన డాఫ్నీ హెండర్సన్ పేరుతో చెప్పుకుంటారు. దాన్ని బాటిల్ మీదకి, ఊరూరికీ తీసుకెళ్ళింది పస్సర్స్ రమ్ కంపెనీ పెట్టిన చార్లెస్ టోబియాస్. బ్రిటిష్ నేవీలో నావికులకు రోజూ రమ్ పోసే ఆచారం 1970 జూలై 31తో ఆగిపోయింది. ఆ నేవీ రమ్మునే మళ్ళీ బాటిళ్ళలోకి తెచ్చిన కంపెనీ అది.

బార్ దగ్గర నిలబడి ఒక్కసారి చూడండి. గ్లాసులో ఐసు, అందులోకి రమ్, పైనాపిల్ రసం, కొద్దిగా నారింజ రసం, చిక్కటి తీపి కొబ్బరి క్రీమ్. అన్నీ కలిపి పోశాక బార్‌లో ఉన్న అబ్బాయి చిన్న తురుముపీట తీసి, దాని మీద ఒక ముదురు గోధుమరంగు గింజను నాలుగుసార్లు లాగుతాడు. పొడి నురగ మీద పడుతుంది. గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే వచ్చే మొదటి వాసన కొబ్బరిదీ కాదు, రమ్‌దీ కాదు. జాజికాయది. పసిపిల్లలకి సానమీద అరగదీసి నాలికకి రాసిన జాజికాయ. అన్ని వేల మైళ్ళ దూరంలో, ఇసుకలో చెప్పుల్లేకుండా నిలబడి, నాకు మా అమ్మమ్మ వంటింటి పోపుల పెట్టె గుర్తొచ్చింది.

ఇంట్లో చేసుకోవాలంటే కొలత సులువు. రమ్ రెండు వంతులు, పైనాపిల్ రసం నాలుగు వంతులు, నారింజ రసం ఒక వంతు, కోకో లోపెజ్ లాంటి తీపి కొబ్బరి క్రీమ్ ఒక వంతు. కొబ్బరి పాలు పోస్తే పల్చగా, చప్పగా అయిపోతుంది, అది వేరు. బాగా గిలక్కొట్టి ఐసు మీద పోసి, జాజికాయ అప్పటికప్పుడు తురమండి. డబ్బాలో పొడి వద్దు. తాగనివాళ్ళు, పిల్లలు రమ్ లేకుండా అడిగితే ఆనందంగా చేసిస్తారు, దాని రుచి ఏం తగ్గదు.

తాగేవాళ్ళు ఒక్క మాట వినండి. ఆ తీపిలో రమ్ ఘాటు తెలియదు. ఎండలో, ఉప్పునీళ్ళలో ఉన్నాక ఒంట్లో నీరు ముందే తగ్గి ఉంటుంది. ఒక గ్లాసు డ్రింక్, వెంటనే ఒక గ్లాసు మంచినీళ్ళు, ఈ లెక్క తప్పకండి. రెండు దాటాక లోతు నీళ్ళలోకి దిగొద్దు, లంగరు వేసిన పడవ దాకా ఈదొద్దు. ఆ నీళ్ళలో మోటారు పడవలు తిరుగుతూనే ఉంటాయి.

సోగీ డాలర్‌లో ఒక ఆట ఉంది. తాడుకి కట్టిన ఇత్తడి లాంటి రింగుని వదిలి ఎదురుగా కొక్కేనికి తగిలించాలి. చూడటానికి ఏముందిలే అనిపిస్తుంది. మా వాడు ఏడేళ్ళవాడు, గంటన్నర దాని దగ్గరే ఉన్నాడు. పడినప్పుడు బీచ్ అంతా వినిపించేలా అరిచాడు, పక్కన ఉన్న ముక్కూ ముఖం తెలియనివాళ్ళు చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఈ ఒడ్డు కిటకిటలాడుతుంది. ఆ వేళ బే మరో కొస వైపు జరగండి. హెండోస్ హైడౌట్‌లో భోజనం బాగుంటుంది. వన్ లవ్ బార్ సముద్రం ఒడ్డుకి తెచ్చి పడేసిన తేలుబుంగలు, చెక్కలతో అలంకరించుకున్న చోటు. అక్కడ బుష్‌వాకర్ అడిగేవాళ్ళు ఎక్కువ, సెయింట్ థామస్‌లో పుట్టిన మిల్క్‌షేక్ లాంటి డ్రింకు. నాకైతే మరీ తీపి. నాలుగు దాటాక చూడండి, పడవలు ఒక్కొక్కటిగా లంగరు ఎత్తుతాయి, పాటల శబ్దం తగ్గుతుంది. గోధుమరంగు పెలికన్లు రెక్కలు ముడిచి రాయి పడ్డట్టు నీళ్ళలోకి దూకి చేపలు పట్టడం అప్పుడు కనిపిస్తుంది. మిమ్మల్ని రాత్రికి ఉండమన్నది ఈ గంట కోసమే.

ఉండటానికి బే ఒడ్డునే చిన్న హోటల్, కాటేజీలు, కొండ మీద విల్లాలు ఉన్నాయి. గదులు తక్కువ కాబట్టి సీజన్‌లో అయితే చాలా నెలల ముందే బుక్ చేయాలి. క్యాన్సిలేషన్ రూల్ చదవకుండా డబ్బు కట్టకండి.

తిండి సంగతి

మాంసం, చేప తినేవాళ్ళకి ఇబ్బందే లేదు. లాబ్‌స్టర్ తినాలనుకుంటే మధ్యాహ్నమే చెప్పి పెట్టండి. ఎంతమంది వస్తారో లెక్క చూసుకునే వండుతారు, రాత్రి ఎనిమిదికి వెళ్ళి అడిగితే దొరకకపోవచ్చు. కాంక్ ఫ్రిటర్స్ అంటే పెద్ద శంఖంలాంటి చిప్పలో ఉండే జీవి మాంసంతో వేసే బజ్జీలు. పిలిచేటప్పుడు ‘కాంచ్’ అనకండి, ‘కాంక్’ అనాలి.

శాకాహారులు కాస్త అడిగి తెలుసుకోవాలి. రైస్ అండ్ పీస్ అని వచ్చేది మనకి తెలిసిన వంటే, అందులో పీస్ అంటే చాలాసార్లు కందులు. మన కందిపప్పు గింజే, పప్పు చేయకుండా పొట్టుతో అలాగే అన్నంలో ఉడికిస్తారు. కానీ రుచికి ఉప్పు వేసిన పంది మాంసం ముక్క కలిపే అలవాటుంది. ‘ఎనీ మీట్ ఇన్ ద రైస్?’ అని ప్రతిచోటా అడగండి. వేయించిన అరటి ముక్కలు, జానీ కేక్ అనే మందంపాటి పూరీ లాంటిది, సలాడ్ ఎక్కడైనా దొరుకుతాయి.

రోటీ అని మెనూలో కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. 1838లో గయానాకి, 1845లో ట్రినిడాడ్‌కి చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి కూలీలను ఓడల్లో తీసుకెళ్ళడం మొదలైంది. మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళందరి వంట దీవి నుంచి దీవికి పాకి ఇక్కడిదాకా వచ్చింది. కూర లోపల పెట్టి మడిచిన రొట్టె అది. బంగాళాదుంప, శనగల రోటీ ఉందేమో అడగండి.

ఇక ఫంగీ. రాసేది అలా, పలికేది ‘ఫూంజీ’. మొక్కజొన్న పిండిలో బెండకాయ ముక్కలు వేసి కెలికి ముద్ద చేస్తారు, చేపల పులుసుతో పెడతారు. ఫిష్ అండ్ ఫంగీ ఆ దేశపు జాతీయ వంటకం. మాతో వచ్చిన మా అత్తయ్యగారు కర్నూలు మనిషి. మూడు రోజులుగా శాండ్‌విచ్‌లతో విసిగిపోయి ఉన్నారు. ఆ ముద్ద ప్లేట్లో రాగానే చెంచా పక్కన పెట్టి, వేళ్ళతో చిన్న ఉండ చేసి, పులుసులో అద్ది నోట్లో పెట్టుకున్నారు. ‘సంకటే కదమ్మా ఇది’ అన్నారు. వడ్డించిన ఆవిడ చేతితో తినడం చూసి నవ్వి, ఇంకో ముద్ద తెచ్చి పెట్టింది, డబ్బు తీసుకోలేదు. తెలంగాణలో మక్క గట్క తిన్నవాళ్ళకి కూడా ఇది ఇంటి వంటే అనిపిస్తుంది.

రాత్రి: గ్రేట్ హార్బర్

చీకటి పడ్డాక ఫాక్సీస్‌కి వెళ్ళండి. ఫాక్సీ కాల్‌వుడ్ అనే స్థానికుడు 1968లో మొదలుపెట్టిన బార్. గిటార్ పట్టుకుని, ఎదురుగా కూర్చున్నవాళ్ళ మీద అప్పటికప్పుడు పాట కట్టి పాడటంలో ఆయనకి పేరు. మన అవధానుల్లాగా అడిగిన మాట మీద ఆశువుగా. పైకప్పు నిండా, గోడల నిండా వచ్చినవాళ్ళు వదిలివెళ్ళిన టీషర్టులు, జెండాలు, విజిటింగ్ కార్డులు వేలాడుతుంటాయి. వారాంతాల్లో బార్బెక్యూ, లైవ్ మ్యూజిక్ ఉండటం ఆనవాయితీ, మీరు వెళ్ళే వారానికి ఉందో లేదో పొద్దున్నే కనుక్కోండి. అక్కడి సంప్రదాయ సంగీతం పేరు కూడా ఫంగీయే. డిసెంబర్ 31 రాత్రి ఇక్కడ జరిగే పార్టీ ప్రపంచం మొత్తానికి తెలుసు. 300 మంది ఉండే దీవికి ఆ ఒక్క రాత్రి వేలమంది పడవల్లో వస్తారు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఆ రాత్రి నేను చెప్పను.

వైట్ బేకి తిరిగి వెళ్ళే టాక్సీని దిగేటప్పుడే మాట్లాడి పెట్టుకోండి. రాత్రి పదకొండుకి కొండ ఎక్కడం కష్టం, దారిలో లైట్లు ఉండవు.

రెండో రోజు: తూర్పు కొస

పొద్దున తొమ్మిదికల్లా టాక్సీలో డైమండ్ కే వైపు వెళ్ళండి, ఫాక్సీస్ టబూ అనే రెస్టారెంట్ దగ్గర దిగాలి. అక్కడి నుంచి ఉప్పు మడుగు పక్కగా, పొదల మధ్యగా పావుగంట, ఇరవై నిమిషాలు నడిస్తే బబ్లీ పూల్ వస్తుంది. రెండు పెద్ద రాళ్ళ మధ్య సందులోంచి సముద్రపు అల దూసుకొచ్చి, లోపలి గుంటలో తెల్లటి నురగై చుట్టూ బుడగలు కట్టేస్తుంది. నడుముల లోతులో నిలబడితే అల వచ్చినప్పుడల్లా ఒళ్ళంతా గిలిగింత.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఉత్తరం నుంచి పెద్ద అలలు వస్తున్న రోజు, ముఖ్యంగా చలికాలంలో, ఆ సందు దగ్గరికి పోవద్దు. ముందు ఐదు నిమిషాలు ఒడ్డున నిలబడి మూడు నాలుగు పెద్ద అలలు చూడండి. నీళ్ళు వెనక్కి లాగే జోరు ఎక్కువగా ఉంటే ఇసుక వైపే కూర్చోండి. రెండోది చెట్టు. ఈ దీవుల తీరాల్లో మాంచినీల్ అనే చెట్టు ఉంటుంది, చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలు. కాయ విషం, పాలు తగిలితే బొబ్బలు, వానలో దాని కింద నిలబడితే కారే నీళ్ళకి కూడా ఒళ్ళు కాలుతుంది. కొన్నిచోట్ల మాను మీద ఎర్ర రంగు పట్టీ వేసి గుర్తు పెడతారు, అన్నిచోట్లా కాదు. కింద పడిన ఏ కాయనీ పిల్లల్ని ముట్టుకోనివ్వకండి.

మధ్యాహ్నానికి ఒక చిన్న పడవ మాట్లాడుకోండి. గ్రేట్ హార్బర్‌లో బార్ వాళ్ళని అడిగితే ఎవరో ఒకర్ని చూపిస్తారు. ఎన్ని గంటలు, ఎన్ని చోట్లు, పడవకి ఇంత అనా మనిషికి ఇంత అనా, ఇవి ఎక్కకముందే తేల్చుకోండి. లైఫ్ జాకెట్లు పిల్లల సైజువి ఉన్నాయో లేదో మీ కళ్ళతో చూడండి. ముందు శాండీ కే. లారెన్స్ రాక్‌ఫెల్లర్ ఆస్తిగా ఉండి, తర్వాత నేషనల్ పార్క్స్ ట్రస్ట్ చేతికి వచ్చిన దీవి. ఇళ్ళు లేవు, బార్లు లేవు, చుట్టి రావడానికి చిన్న కాలిబాట ఉంది, ఒడ్డు పక్కన పగడాల మధ్య స్నార్కెలింగ్ బాగుంటుంది. పగడం మీద కాలు పెట్టకండి, ఒక్క అడుగుకి ఏళ్ళ తరబడి పెరిగింది పోతుంది. అలలు పెద్దగా ఉంటే ఒడ్డుకి దిగడం ప్రమాదం, పడవవాడు వద్దంటే పట్టుబట్టకండి. శాండీ స్పిట్ ఇంకా చిన్నది, ఇసుక, కాసిని చెట్లు, అంతే. పదిహేను నిమిషాలు చాలు.

ఆఖరున లిటిల్ జోస్ట్ వాన్ డైక్‌లో బీ-లైన్ అనే బార్ దగ్గర ఆగమనండి. నీడన కూర్చున్నాక మీ పిల్లలకి ఒక కథ చెప్పండి. ఈ చిన్న దీవిలో 1744లో జాన్ కోక్లీ లెట్సమ్ అనే పిల్లవాడు, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలో పుట్టాడు. డాక్టరయ్యాడు. తండ్రి నుంచి వచ్చిన బానిసలకు విముక్తి ఇచ్చాడు. 1773లో మెడికల్ సొసైటీ ఆఫ్ లండన్ స్థాపించాడు. పక్కనే పెద్ద దీవిలో 1759లో పుట్టిన విలియం థార్న్‌టన్ గీసిన డిజైన్‌తోనే వాషింగ్టన్‌లో అమెరికా కాంగ్రెస్ కొలువుండే క్యాపిటల్ భవనం మొదలైంది. మీ పిల్లలు స్కూల్ ట్రిప్‌లో చూసే ఆ భవనం ఈ మేకల దీవిలో పుట్టినవాడి ఊహ.

తిరిగి వచ్చేటప్పుడు టైముంటే లిటిల్ హార్బర్‌లో సిడ్నీస్ పీస్ అండ్ లవ్ వైపు చూడండి. డ్రింకు మీకు మీరే పోసుకుని, ఎన్ని తాగారో మీరే రాసి డబ్బు కట్టే పద్ధతికి పేరుపడ్డ చోటు. అలాంటి చోట లెక్క ఒకటి ఎక్కువే రాయండి.

వెళ్ళే రోజు

ఫెర్రీకి ముప్పావుగంట ముందే గ్రేట్ హార్బర్‌లో ఉండండి. ఇమ్మిగ్రేషన్ ఆఫీసు రేవు పక్కనే. డిపార్చర్ టాక్స్ నోట్లు, పాస్‌పోర్టులు ఒకే కవర్లో చేతిలో పెట్టుకోండి. అమెరికా వైపు వెళుతుంటే దిగిన చోట కస్టమ్స్ ఉంటుంది, పండ్లు, గవ్వలు, పగడపు ముక్కలు సంచీలో ఉంచుకోవద్దు. అదే రోజు విమానం ఉంటే మొదటి పడవే ఎక్కండి. కుదిరితే ఆఖరి రాత్రి సెయింట్ థామస్‌లోనో టోర్టోలాలోనో పెట్టుకోండి, గాలి ఎక్కువైతే పడవలు ఆలస్యమవుతాయి. పడవలో వెనక వైపు కూర్చోండి, కుదుపు తక్కువ, కొండ చాలాసేపు కనిపిస్తుంది.